మా పెద్దబాపు తామర వైద్యం

మొన్న మందుల షాపులో నా ముందు ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో చీటీ లేదు, మందు పేరు తెలియదు. తొడ దగ్గర గాలిలో వేలితో ఒక గుండ్రం గీసి, "అదే అన్నా, దురద ట్యూబు" అన్నాడు. షాపాయన తల ఎత్తలేదు. ఫోన్ చూస్తూనే వెనక్కి చెయ్యి పెట్టి ఒక ట్యూబు లాగి బల్ల మీద పడేశాడు. ఆ డబ్బా రంగు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. "బాబూ, అందులో ఏముందో తెలుసా?" అని అడిగాను. ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "రెండు రోజులల్ల తగ్గిపోతదమ్మా" అన్నాడు షాపాయన, వైద్యం వాళ్ల తాత సంపాదించి పెట్టిన ఆస్తి అయినట్టు.

అవును నాయనా, తగ్గుతుంది. తగ్గినట్టే తగ్గి తర్వాత ఏం చేస్తుందో నాకు తెలిసినంత నీకు తెలియదు. మగ్గాలన్నీ ఆగిపోయిన ఆ మహమ్మారి కాలంలో, సూరత్‌లో, గోడాదరాలోని మా బిల్డింగులో, మా పెద్దబాపు చేసిన వైద్యం కళ్లారా చూసినదాన్ని నేను.

బిల్డింగంటే ఏదో గొప్పగా అనుకోకండి. పొడుగాటి నడవా, అటూ ఇటూ గదులు, గదికో కుటుంబం, నడవా చివర అందరికీ ఒకటే స్నానాల గది. ఉన్నవాళ్లంతా కరీంనగర్ దిక్కు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. మా బాపు అన్నను మేము పెద్దబాపు అనేవాళ్లం. అందరికంటే ముందు సూరత్ వచ్చింది ఆయన, మగ్గాల కార్ఖానాలో మాస్టరు అయింది ఆయన, మా గది కిరాయికి ఉన్నది ఆయన పేరు మీద. అందుకని ఆయన దగ్గితే నడవా అంతా నిశ్శబ్దం అయిపోయేది. చిన్నప్పుడు ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు వెనకాల మందుల సంచి మోశాడట. ఆ సంచిలోని చదువంతా భుజం గుండా ఎక్కి బుర్రలో చేరిందని ఆయన నమ్మకం. ఆయన నమ్మితే బిల్డింగు నమ్మినట్టే.

ఇక మా బట్టల సంగతి చెప్పాలి. మావాళ్లు రాత్రింబగళ్లు పాలిస్టర్ నేసేవాళ్లు. కార్ఖానాలో పాడైన ముక్కలు ఊరికే దొరికేవి. ఊరికే వస్తే ఫినాయిల్ కూడా తాగే జాతి మాది. కర్టెన్లు అదే, దుప్పట్లు అదే, ఆడవాళ్ల లంగాలు అదే. సూరత్ ఉక్కపోతలో ఆ లంగా కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటే ఏమవుతుందో మగవాళ్లకు తెలియదు. వాళ్లు మాత్రం నూలు లుంగీలు కట్టుకునేవాళ్లు, గాలి ఆడాలి కదా మరి!

మేడ మీది డాబాను గుజరాతీవాళ్లలాగే మేమూ అగాసీ అనేవాళ్లం. మగ్గాలు నడిచే రోజుల్లో, పగటి డ్యూటీ వాళ్లు కార్ఖానాకు పోయి, రాత్రి డ్యూటీ వాళ్లు గదుల్లో సోయి లేకుండా పడుకున్నాక, అగాసీ ఆడవాళ్లది అయ్యేది. లంగాలు, లోపలి బట్టలు ఆ వేళలోనే తాడెక్కేవి. మిరపకాయలు తొడిమలు తీస్తూ, పేలు చూసుకుంటూ, అందరి మొగుళ్లనూ పేరుపేరునా తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు. డ్యూటీ విడిచే వేళకు ఎవరో ఒకావిడ, "లేవుండ్రే, మొగోళ్లొస్తున్నరు!" అని కేక వేసేది. రెప్పపాటులో తాడు ఖాళీ. ఆడవాళ్ల లోపలి బట్ట మగవాడి కంట పడితే ఆ ఇంటికి అరిష్టమట. కట్టుకున్నదానికి పట్టే అరిష్టం గురించి ఎవరూ మాట్లాడలేదు.

అట్లాంటిది ఒకరోజు మగ్గాలు ఆగిపోయాయి. ఆ ఖటఖట చప్పుడు లేకపోతే చెవులు మూసుకుపోయినట్టు ఉండేది. ఎవరో పుణ్యాత్ములు ఖిచిడీ పొట్లాలు పంచేవాళ్లు, పొద్దున అదే, మాపు అదే. అమ్మ దాని మీద పచ్చిపులుసు పోసి పెడితే ఊరి రుచి కొంచెం తగిలేది. మగవాళ్లందరూ ఇంటి మీద పడ్డారు. గదిలో ఉక్కగా ఉందని పొద్దున్నే చాపలు తీసుకుని అగాసీ ఎక్కేవాళ్లు, చీకటి పడేదాకా పేకాట. ఆడవాళ్ల తడి లంగాలు స్నానాల గదిలో, చీర కింద, చీకట్లో వేలాడేవి. ఎప్పటికీ ఆరేవి కావు. ముక్కిన వాసన కొట్టే ఆ లంగాలనే మళ్లీ బిగించి కట్టుకునేవాళ్లు. ఇంటికి ఒకటే తువ్వాల. మగవాళ్లు, పిల్లలు తుడుచుకున్నాక, చిట్టచివర స్నానం చేసే ఆడదానికి ఆ తడి గుడ్డ మిగిలేది.

ఇంకేముంది, తామర పట్టింది. గదికో ఇద్దరు ముగ్గురికి పట్టింది.

మగవాళ్ల తామర పెళ్లి ఊరేగింపులా బహిరంగంగా నడిచింది. పేకముక్క ఒక చేత్తో వేస్తూ రెండో చేత్తో గోక్కునేవాళ్లు. మేము పిల్లలం మెట్ల మీద దాక్కుని ఎవరు ఏ రాగంలో గోకుతున్నారో చెప్పుకుని నవ్వేవాళ్లం. అప్పుడే మా పెద్దబాపులో డాక్టరు నిద్ర లేచాడు.

మొదట వెల్లుల్లి నూరి రాయించాడు. చర్మం బొబ్బలెక్కింది. "రోగం బయటికి దుంకుతాంది, మంచిదే" అన్నాడు. తర్వాత నిమ్మకాయ, ఉప్పు. తర్వాత కొబ్బరినూనెలో గంధకం. నడవా అంతా దీపావళి మర్నాటి కంపు. అన్నీ అయ్యాక ఒకరోజు సానిటైజర్ సీసా పట్టుకొచ్చి, "కరోనా అసొంటి కరోనానే దీనికి సస్తాందట. గీ తామరెంత!" అని ప్రకటించాడు.

నిజమే కదా అన్నారు మహానుభావులు. అందరూ వరసగా గోడవైపు తిరిగి, లుంగీలు ఎత్తి, పుండ్ల మీద పోసుకున్నారు. ఆ తర్వాత అగాసీ మీద జరిగిన చిందులు నేను ఏ జాతరలోనూ చూడలేదు. ఒకాయన నీళ్ల డ్రమ్ములో కూర్చున్నాడు. మా బాపు "ఓ అవ్వా" అంటూ మెట్లు దిగి మళ్లీ ఎక్కి మళ్లీ దిగాడు. మేము పొట్ట పట్టుకుని నవ్వితే వీపులు పగిలాయి. అయినా బుద్ధి రాలేదు. మర్నాడు చేతుల మీద పెన్నుతో గుండ్రాలు గీసుకుని, నేను పెద్దబాపునై, ఆయన టూత్‌పేస్టే దొంగిలించి అందరికీ చిటికెడు చిటికెడు పంచాను. దానికీ తన్నులు తిన్నాను.

చివరికి ట్యూబు వచ్చింది. షట్టరు సగం దించిన మందుల షాపు నుంచి ఎవరో తెచ్చారు. బిల్డింగు మొత్తానికి ఆ ఒక్క ట్యూబే మందు. పెద్దబాపు దాన్ని జేబులో పెట్టుకుని, పొద్దునే చాప మీద కూర్చుని, తీర్థం పెట్టినట్టు ఒక్కొక్కరి అరచేతిలో శనగగింజంత పెట్టేవాడు. మగవాళ్లకే. ఆడవాళ్లకు కూడా తొడలు, నడుములు ఉంటాయని, వాటికీ తామర పడుతుందని ఆయన వైద్యశాస్త్రంలో లేదు.

మా అమ్మకు పట్టింది. లంగా నాడా బిగించే చోట నడుం చుట్టూ, అక్కడి నుంచి కిందికి. ఆమె బావ ముందుకు కూడా వచ్చేది కాదు, తలుపు చాటు నుంచి నాతో మాట చెప్పించేది. ఇక ఈ సంగతి ఎట్లా చెబుతుంది? బాపుకు చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పినా ఆయన చేసేదేమీ లేదు. మా బాపు మగ్గం దగ్గర పులి, అన్న ముందు పిల్లి.

"బిడ్డా, నీకే మోకాలు దగ్గర దురదైతాందని చెప్పి జర మందు తే పో" అంది అమ్మ. తెచ్చాను. రాసుకుంది. దురద మంత్రం వేసినట్టు ఆగిపోయింది. "దేవుడసొంటోడు మీ పెద్దబాపు" అని దండం పెట్టింది. పాపం, నిజంగానే పెట్టింది.

కొన్నాళ్లకు మానినచోటే మళ్లీ లేచింది. ఈసారి రూపాయి బిళ్లంత కాదు, అరచేయంత. మళ్లీ ట్యూబు, మళ్లీ ఆగడం, మళ్లీ లేవడం. చర్మం ఉల్లిపొరలా పల్చబడి నాడా కింద చీలింది. చీము పట్టింది. జ్వరం వచ్చింది.

ఆ రోజుల్లో జ్వరం అన్న మాట పైకి అనకూడదు. "ఎవలన్న జరం అన్నరంటే వ్యానొస్తది, అందర్ని పట్టుకపోతరు, గల్లీకి అడ్డం రేకులు కొడ్తరు" అని పెద్దబాపు అందరికీ హుకుం జారీ చేశాడు. అమ్మ తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. ఒక పొద్దున లంగా మార్చుకుందామంటే అది పుండుకు అంటుకుపోయి రాలేదు. లాగితే చర్మంతో సహా వచ్చింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు నేను మొదటిసారి ఆ నడుం చూశాను. పచ్చి మాంసం. నవ్వులాటగా ఉన్న తామర నాకు ఆ నిమిషంలో భయంగా మారింది. అమ్మ చచ్చిపోతుందేమో అనుకున్నాను.

అదే వేళకు కింద గల్లీలో మున్సిపాలిటీ వాళ్ల వ్యాను మైకు వినిపించింది. జ్వరం ఉన్నవాళ్లు రండి, చూస్తాం అని గుజరాతీలో. అమ్మ లేచి, గోడ పట్టుకుని, "నడువు బిడ్డా" అంది.

మెట్ల దగ్గర పెద్దబాపు అడ్డం నిలబడ్డాడు. "ఎటు?"

నేనే, "అమ్మకు జరం. డాక్టర్ కాడికి" అన్నాను.

"దిమాగున్నదా? బిల్డింగ్ మొత్తం బంద్ పెట్టిస్తవా? పోయినవంటే మల్ల ఈ రూంలకు అడుగు పెట్టద్దు. చెప్తున్న!"

బాపు వెనకే ఉన్నాడు. కాలి బొటనవేలితో నేల మీద ఏదో పరిశోధన చేస్తున్నాడు. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, బావను తాకకుండా గోడకు ఒరుసుకుంటూ దిగిపోయింది. నేను వెనకాలే దిగాను.

వ్యానులో డాక్టరమ్మ. ప్లాస్టిక్ సూటులో చెమటతో ఉడికిపోతోంది. అమ్మకు గుజరాతీ రాదు, హిందీ అంతంత. నేనే చెప్పాలి. వెనక లైనులో మగవాళ్లు. ఎక్కడెక్కడ పుండ్లున్నాయో గుజరాతీలో గట్టిగా చెబుతుంటే నా చెవులు కాలిపోయాయి. ఒక నర్సు వ్యాను వెనకాల దుప్పటి అడ్డం పట్టుకుంది. డాక్టరమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేం రాశారు? ఎవడిచ్చాడు?"

ట్యూబు రంగు చెప్పాను. ఆమె గుజరాతీలో ఒక బూతు మాట అంది. డాక్టర్లు కూడా బూతులు తిడతారని అప్పుడే తెలిసి ఆమె మీద నాకు గౌరవం పుట్టింది. "దాంట్లో దురదను అణచే మందు కలిసి ఉంటుంది. దురద చస్తుంది, తామర చావదు. పైగా మేత దొరికినట్టు పెరుగుతుంది. తీసుకెళ్లి మురిక్కాలువలో పారెయ్యండి" అంది. ఈ జ్వరం చీము వల్ల వచ్చిందే, ఆ రోగం కాదు అని తేల్చింది. చీముకు మాత్రలు ఇచ్చింది, తామరకు వట్టి తామర మందే ఉన్న వేరే పూత మందు ఇచ్చింది. మచ్చ పోయినట్టు కనబడ్డాక కూడా కొన్ని వారాలు రాయాలని, మచ్చ అంచు దాటి చుట్టూ రాయాలని, మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొస్తుందని వేలు చూపించి మరీ చెప్పింది. ఎవరి తువ్వాల వారిదే. స్నానం చేశాక మడతల్లో తడి లేకుండా ఒత్తుకోవాలి. పాలిస్టర్ వద్దు, వదులుగా నూలు బట్ట. ఇంట్లో పట్టినవాళ్లందరూ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి.

"ఎండలోనే ఆరేస్తున్నారు కదా?" అని అడిగింది.

అమ్మ తల దించుకుంది. నేను, "లేదు, స్నానాల గదిలో, చీర కింద" అన్నాను.

"ఎందుకు?"

"అగాసీ మీద మగవాళ్లు కూర్చుంటారు."

"తో?" అంది డాక్టరమ్మ. అయితే ఏంటట, అని.

మందుల పొట్లం కొంగున కట్టుకుంటూ అమ్మ ఆ ముక్కనే తన నోట్లో ఒకసారి అనుకుని చూసుకుంది, "తో?"

మేము తిరిగి వస్తే పెద్దబాపు తన గది తలుపు మూసుకుని లోపలే ఉన్నాడు. మమ్మల్ని ముట్టుకుంటే రోగం అంటుతుందని భయం. ఆ భయం పుణ్యమా అని ఆ పూటకు మమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టలేదు. మాత్రలు పడ్డాక అమ్మ జ్వరం దిగింది. నిలబడే ఓపిక వచ్చిన రోజున, అడగకుండానే బాపు నూలు లుంగీలు రెండు తీసి చించింది. చేతికుట్టుతో లంగాలు కుట్టుకుంది. బాపు చూసి, "గవి కొత్తయి" అన్నాడు. అమ్మ దారం పళ్లతో కొరికి తెంపింది.

మర్నాడు పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి తన బట్టలన్నీ ఉతికింది. బకెట్ పట్టుకుని అగాసీ ఎక్కింది. నేను క్లిప్పులు పట్టుకుని వెనకాల.

పేకాట జోరుగా ఉంది. తాడు మీద అప్పటికే మగవాళ్ల బనీన్లు, డ్రాయర్లు బారుగా ఊగుతున్నాయి. వాటిని చూసి ఏ ఇంటికీ అరిష్టం పట్టలేదు. అమ్మ చాప దగ్గరికి వెళ్లి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బావతో నేరుగా మాట్లాడింది.

"జర జరుగుండ్రి బావా. తాడు కావాలె."

అమ్మ డ్రాయర్లను ఒక పక్కకు నెట్టి, లంగాలు, లోపలి బట్టలు ఒక్కొక్కటే దులిపి ఆరేసింది. చీర కప్పలేదు. మగవాళ్లు కొందరు లేచి గోడవైపు తిరిగారు, కొందరు నేల చూపులు చూశారు. లుంగీలు ఎత్తి సానిటైజర్ పోసుకున్న మహావీరులు ఒక లంగా చూసి సిగ్గుతో చచ్చిపోయారు.

"ఏందీ బాగోతం?" అని పెద్దబాపు గర్జించాడు. "ఇంటి ఇజ్జత్ తాడు మీద ఏలాడేస్తవా? సిగ్గు లేదా?"

"సిగ్గుకు బూజు పట్టింది బావా. ఎండకేస్తున్న."

ఆయన బాపు వైపు తిరిగాడు. "అరేయ్, నీ పెండ్లానికి చెప్పు. అవి తీస్తదా, ఇయ్యాల్నే రూం ఖాళీ చేస్తదా?"

బయట బస్సు లేదు, రైలు లేదు. గది పోతే రోడ్డే. అమ్మ చేతిలో క్లిప్పు అట్లాగే ఆగిపోయింది. బాపు పేకముక్కల్లోకి చూశాడు. రాణీ ఉందేమో, ఆవిడ ఏమైనా సలహా ఇస్తుందేమో అని కాబోలు.

అప్పుడు మెట్ల మీద బకెట్ చప్పుడు అయింది. మా పెద్దమ్మ ఎక్కి వస్తోంది. పెద్దబాపు భార్య. మొగుడి మాటకు ఎదురు చెప్పడం అటుంచి, ఆమె పగలు గొంతెత్తి మాట్లాడటమే నేను వినలేదు. ఎవరి వైపూ చూడకుండా తాడు దగ్గరికి వెళ్లి, అమ్మ బట్టల పక్కన తన బట్టలు ఆరెయ్యడం మొదలుపెట్టింది.

"నీకేమొచ్చిందే?" అన్నాడు పెద్దబాపు.

పెద్దమ్మ తిరిగి, నడుం దగ్గర చీర మడత వేలితో కొంచెం కిందికి తోసింది. నాడా బిగించే చోట చుట్టూ చర్మం నల్లగా, మందంగా, పాత తోలు బెల్టు అంటించినట్టు ఉంది.

ఆయన మొహంలో రంగు పోయింది. "గిది... ఎప్పటిదే?"

"సూరత్‌ల దిగినకాడి నుంచి. ఒక్క రూంల గంతమంది మొగోళ్లకు మెస్ వండిపెట్టిన. నా బట్టలు ఏడ ఆరేస్త? మల్ల మాస్టర్ పెండ్లాన్నైతి. నువ్వు ఏ యాల్ల ఊడిపడ్తవో ఎవలకెర్క?"

"నాకెందుకు చెప్పలే?"

"డాక్టర్‌వు గద" అంది పెద్దమ్మ. "సూస్తవనుకున్న."

పెద్దబాపు లేచాడు. చెప్పులు వేసుకోవడం మరచిపోయి, కాలిపోతున్న బండల మీద ఉత్తకాళ్లతో నడిచి, మెట్లు దిగిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ముక్కలు సర్దుకున్నారు. గది ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అగాసీ మళ్లీ ఆడవాళ్లదైంది. నడవా నిండా ఉన్న ఆడవాళ్లు బకెట్లతో ఎక్కుతుంటే తెలిసింది, అందరి నడుములూ అంతేనని.

ఆయన మారాడనుకుంటున్నారా? మగ్గాలు మళ్లీ మొదలయ్యాక కార్ఖానాలో అందరికీ, "లోపటి బట్టలు ఎండకెయ్యాలెరా, మా ఇంట్ల నేనే ఏయిపిచ్చిన" అని చెప్పుకున్నాడట. చచ్చేదాకా అదే చెప్పాడు. కొందరికి అబద్ధం కూడా మందులాంటిదే, వేసుకోకపోతే నిద్ర పట్టదు.

ఆ బిల్డింగు ఇప్పుడు లేదు. కూలగొట్టి లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లు కట్టారు. మావాళ్లు తలో దిక్కు అయ్యారు. అమ్మకు కొన్ని వారాల్లో తగ్గింది, నడుం మీద లేత మచ్చ మాత్రం మిగిలింది. పెద్దమ్మది ముదిరిన రోగం. అదే పూత మందు, మాత్రలు, నూలు లంగాలు, సొంత తువ్వాల, ఎండ. చాలా నెలలు పట్టింది.

అది తగ్గిన కొత్తలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అగాసీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చెయ్యి ఎప్పుడూ నడుం దగ్గరే ఉండేది, అది ఆమె అలవాటనుకునేదాన్ని. ఆ రోజు రెండు చేతులూ ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. తగ్గినందుకు సంతోషంగా ఉందేమోనని పక్కన కూర్చుని మొహంలోకి చూశాను. సంతోషం కాదు. కోపం. అంత కోపం నేను ఆ మొహంలో ఎన్నడూ చూడలేదు.

తాడు మీద ఊగుతున్న తన లంగా వైపు చూస్తూ, నాతో కాదు, ఎవరితోనూ కాదు, పళ్లు బిగించి అంది:

"గింతేనా? గింత ఎండ కోసమా నేను గిన్నేండ్లు గోక్కున్నది!"